సత్తెమ్మ మింగిన తెల్లగోళీలు

"అమ్మమ్మా, సత్తెమ్మ అమ్మమ్మకు అసలేమైంది?"

ఏం జెప్పాలె బిడ్డా. జర ఇటు జరుగు, గట్టిగ మాట్లాడనీకె దమ్ము లేదు. సత్తెమ్మ నా చెల్లె గదా. మహేశ్వరం ఇచ్చినం దాన్ని... కాదు కాదు, మహేశ్వరం మా అక్కది. దీన్ని ఇచ్చింది ఈ శంషాబాద్‌లనే. జొన్నచేను ప్లాట్లయినంక గోదాముల పనికి పోతుండె. దినమంత గచ్చు మీద నిలవడి నిలవడి మోకాళ్లు వాసినయి. పొద్దుగాల మంచం దిగాల్నంటే ఏడ్సేది.

గప్పుడు ఎవరో జెప్పిన్రు, బస్తీల ఒకాయన సూదులేస్తడు అని. డాక్టర్ గాదు. కాగితంల చుట్టి చిన్న చిన్న తెల్లగోళీలిచ్చిండు. మంత్రమేసినట్టే అయింది! "అక్కా, నా కాళ్లు నాకొచ్చినయే" అని బోనాలల్ల ఎగిరింది. ఇగ వదుల్తదా? ఏండ్లకేండ్లు మింగింది.

మొఖం గుండ్రంగ ఉబ్బింది. అందరు "మంచిగ ఒళ్లు జేసినవే" అంటుండ్రి. నాకైతె సంబురమనిపియ్యలె. షుగరొచ్చె. చెయ్యి జర తల్గితె సాలు, నల్లగ కమిలేది.

దాని కొడుకు సీను, మీ మామ, ఎయిర్‌పోర్టుకు కిరాయి కారు నడుపుతడు సూడు. కార్ల ఎక్కిన ఒక సారుకు తల్లి ముచ్చట జెప్తె "అది స్టెరాయిడ్ అయ్యుంటది, చానా చెడ్డది" అన్నడంట. సీను ఇంటికొచ్చి గోళీలన్ని మోరీల పారేసిండు. తల్లి మీద పావురంతోనే, ప్రేమతోనే బిడ్డా. "ఒక్కటన్న ఉంచురా" అని అది బతిమిలాడింది.

ఇగ పెయ్యిల సత్తువ పోయింది. ఒకటే కక్కుడు. పైత్యమనుకొని నిమ్మకాయ నీళ్లు తాపిచ్చినం. లేవబోయి కండ్లు తిరిగి పడ్డది. పెద్ద దవాఖానకు ఉరికినం.

"ఒక్కసారే బందు జేసిన్రా?" అని అడిగింది డాక్టరమ్మ. కోపం జెయ్యలె, పాపం. మన పెయ్యి గా గోళీల మందసువంటిది తనంతట తానే తయారు జేసుకుంటదంట. బయటికెల్లి గోళీలతోని ఏండ్లు పోస్తుంటె లోపటిది పండుకుంటదంట. ఒక్కపారి ఆపితె లేవదు. డాక్టర్ సూసుకుంట కొద్దికొద్దిగ తగ్గియ్యాలెనంట. "మందు పానాలు గూడ కాపాడుతది. అడగకుంట మింగుడు, అడగకుంట ఆపుడు, రెండూ తప్పే" అన్నది. గదే మందు సూదిల ఎక్కిచ్చిన్రు. ఆలిస్యమైంది. పొద్దు మూకకముందే పోయింది నా చెల్లె.

సీను దవాఖాన మెట్ల మీద కూలవడి "పెద్దమ్మా, నేనే సంపినానే" అన్నడు. "కాదు కొడుకా" అన్న నేను. అంటనే ఉన్న. వాని చెవులకు పోదు. జరమొస్తె గూడ గోళీ మింగడు ఇప్పుడు, వణుక్కుంటనే కారు తోలుతడు. మొన్నొచ్చిండు, చాయ్ తాగు కొడుకా అంటె, ఫ్లైటోళ్లు ఎదురుసూస్తుండ్రు పెద్దమ్మా అని నిలవడకనే పోయిండు.

నువ్వు సల్లగుండు బిడ్డా, నూరేండ్లు బతుకు. మామ గిట్ట కనవడితె జర మాట్లాడు వానితోని... ఏదన్న మాట్లాడు...