చాకిరేవులో రెండు కండువాలు

పేరంటాలు అని ఒక మనిషి. ఆమె ఉతుకుతుంటే బండ చప్పుడు ఏటికి అవతలి ఊరిదాకా వినపడేదంట. చేతులాపకండమ్మా, చింతగింజలు తీసుకుంటానే చెవులిటు పెట్టండి, పెద్ద కథేం కాదు. ఆమెకి ఒక చెల్లెలు, నూకాలు. తల్లి బతికున్నప్పుడే ఊరిని ఇద్దరికీ చెరిసగం పంచిందనుకో. తూరుపు వీధి ఇళ్లు పెద్దదానికి, పడమటి వీధి ఇళ్లు చిన్నదానికి. బట్టలు కలిసిపోకుండా గుర్తులూ ఆమే నేర్పింది. నల్లజీడి రసంలో సూది ముంచి, అంచు మూల, కట్టుకుంటే బయటికి కనపడని చోట పెట్టేవాళ్లు. పెద్దదాని గుర్తు అడ్డగీత కింద మూడు చుక్కలు, చిన్నదాని గుర్తు నిలువుగీత పక్కన రెండు చుక్కలు. ఆ గుర్తు నీళ్లకి పోదు, చవుడుకి పోదు, బానలో ఉడకేసినా పోదు. గుర్తులు వేరు గానీ రేవు ఒకటే, బాన ఒకటే. మరి పెద్ద దుప్పటి పిండాలంటే ఒక్క మనిషి వల్ల అవుతుందా? ఆ కొస ఒకరు పట్టుకోవాలి, ఈ కొస ఒకరు పట్టుకోవాలి, ఈమె ఇటు మెలిపెడితే ఆమె అటు మెలిపెట్టాలి. పదిహేనేళ్లు అలాగే పిండుకున్నారు, ఆ కొసా ఈ కొసా పట్టుకుని.

ఏమైందంటే, ఆ ఊళ్లో ఇద్దరు నాయకులు. తూరుపు వీధి చివర మేడ జోగారావుది, గొడుగు గుర్తు పార్టీ. పడమటి వీధి చివర మేడ పురుషోత్తానిది, తాళం గుర్తు పార్టీ. ఒకసారి ఈయన ఎమ్మెల్యే అయితే ఇంకోసారి ఆయన. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరంట, ఒకరున్న పెళ్లికి ఇంకొకరు రారంట. అలాగని ఊరంతా అనుకునేది. అనుకోవడమేంటి, అలాగే బతికేది. గొడుగోళ్ల పిల్లని తాళపోళ్లు చేసుకోరు, తాళపోళ్ల కొట్లో గొడుగోళ్లు ఉప్పు కొనరు. పేరంటాలు మొగుడు బంగారయ్య గొడుగు జెండా మోశాడు. నూకాలు మొగుడు సత్తెయ్య తాళం జెండా మోశాడు. మొయ్యమని వాళ్లని ఎవరడిగారు అంటావా, మేడలో బట్టలు ఉతికే ఇంటి మగాడు ఆ మేడ జెండా మొయ్యకపోతే ఊరుకుంటారా. సరే, ఓట్లకి నాలుగు రోజుల ముందు రెండు ఊరేగింపులూ సంత దగ్గర ఎదురుపడ్డాయి. తోపులాటలో బంగారయ్య చేతిలో జెండా కర్ర లేచింది, సత్తెయ్య కుడి మోచెయ్యి విరిగింది. కట్టు కట్టారు గానీ ఎముక వంకరగా అతుక్కుంది, చెయ్యి మళ్లీ చాపడానికి రాలేదు. బంగారయ్యని తీసుకెళ్లి టౌనులో సబ్జైల్లో వేశారు. అంతే, రేవు రెండయింది. అక్క ఎగువన, చెల్లెలు దిగువన. సత్తెయ్య బట్ట ఎత్తి బండకేసి కొట్టలేడు, బంగారయ్య ఇంట్లోనే లేడు, ఇద్దరాడవాళ్లూ ఎవరి మూట వాళ్లే మొయ్యాలి. దుప్పటి పిండాల్సొస్తే ఒక కొస గుంజకి కట్టేసి పిండుకునేవాళ్లంట. గుంజ తిరిగి మెలిపెడుతుందా? పెట్టదు. దుప్పట్లు సగం తడితోనే ఆరేవి, ముక్క వాసనొచ్చేవి.

పేరంటాలు వారానికోసారి అన్నం క్యారేజీ పట్టుకుని సబ్జైలుకెళ్లేది. ప్లీడరు గుమస్తా చెప్పాడంట, సత్తెయ్య వచ్చి రాజీ అంటే కేసు పోతుందమ్మా, లేదంటే మీ ఆయనకి మూడేళ్లు పడినా పడతాయి, వాయిదా వచ్చే నెలలోనే ఉంది, ముందు మీ పెద్దల మాట తెచ్చుకో అని. మొదటి ముక్క ఈమె చెవికెక్కలేదు, ఆఖరి ముక్కే ఎక్కింది. పెద్దల మాట. జోగారావు గుమ్మంలో నిలబడితే, సత్తెయ్య తాళపోడు, వాణ్ని నేనెలా అడుగుతానే అన్నాడంట. పోనీ అని సిగ్గు విడిచి పురుషోత్తం గుమ్మంలో నిలబడితే, జోగారావు మనిషివి నా గుమ్మం ఎలా ఎక్కావు అన్నాడంట. ఏం చేస్తుంది, మూట భుజానికెత్తుకుని నడిచింది.

ఇప్పుడు వినండి. సబ్జైలు ఎదురుగా ఒక తెల్లమేడ ఉండేది. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. సోదర సంఘం లాడ్జి అంటారంట దాన్ని. లాడ్జి అంటే మంచాలద్దెకిచ్చే లాడ్జి కాదు. పెద్దపెద్దోళ్లు, ప్లీడర్లు, మిల్లు ఓనర్లు, నెలకో శనివారం లోపల చేరి, నడుముకి తెల్లగుడ్డ కట్టుకుని, ఏవో ప్రమాణాలు చేసి, ఒకళ్లనొకళ్లు సోదరా అని పిలుచుకుంటారు. ఎవరెవరున్నారో బయట చెప్పకూడదు. చేతిలో చెయ్యేసినప్పుడు బొటనవేలు ఒకచోట నొక్కితే వీడు మనవాడు అని తెలిసిపోతుందంట. గుమ్మంలో దేవసహాయం అని ఒక ముసలి సిపాయి, తుప్పు పట్టిన కత్తి పట్టుకుని నిలబడేవాడు. దెయ్యాలని పిలుస్తారని కొందరు, బంగారం చేస్తారని కొందరు. దెయ్యాలూ లేవు బంగారమూ లేదు, వంకాయ కూర ఉండేది, ఆ మరకలు పేరంటాలు కళ్లారా చూసింది. ఎలాగంటే, ఆ లాడ్జి బట్టలు ఉతికే మనిషి చనిపోతే, దేవసహాయం రోడ్డు మీద క్యారేజీతో పోతున్న ఈమెని పిలిచి, ఉతికి తెస్తావా అమ్మా అని మూట ఇచ్చాడు.

రేవులో మూట విప్పింది. నడుంగుడ్డలు, బల్లల మీద పరిచే దుప్పట్లు, చేతులు తుడుచుకునే గుడ్డలు. వాటి మధ్యలో రెండు తెల్ల పట్టు కండువాలు, ఒకదాని కొస ఇంకోదాని కొసకి ముడేసి. మామూలు ముడి కాదు, బిగించి బిగించి వేసిన ముడి. విప్పుదామని చూసింది, గోళ్లు నొప్పెట్టాయి. సరే ఎవరివో చూద్దామని అలవాటుగా అంచు మూల తిప్పింది. అడ్డగీత, కింద మూడు చుక్కలు. తన గుర్తే. అది జోగారావు కండువా, కిందటి వారమే తను ఇస్త్రీ చేసిచ్చింది. రెండోదాని అంచు తిప్పింది. నిలువుగీత, పక్కన రెండు చుక్కలు. నూకాలు గుర్తు. పడమటి వీధిలో పట్టు కండువా వేసుకునే మనిషి ఒక్కడే, పురుషోత్తం. పేరంటాలు రెండు అంచులూ మళ్లీ తిప్పి చూసిందంట.

వాళ్లు మళ్లీ చేరే శనివారం సాయంత్రం ఉతికిన మూటతో లాడ్జికెళ్లింది. కండువాలు మాత్రం ఉతకలేదు, విప్పలేదు, వేరుగా సంచిలో పెట్టుకుంది. దేవసహాయాన్ని అడిగింది, ఈ ముడేంటి బాబాయ్ అని. ఆయన నవ్వాడు. ఏడాదికోసారి విందులో పక్కపక్కన కూచున్న సోదరులు కండువాలు ముడేసుకుని తినాలమ్మా, అది ఆచారం, ఎవరు ముందు విప్పితే వాళ్లు అందరి చేతులకీ నీళ్లు పొయ్యాలి, వీళ్లిద్దరూ విప్పలేదు, పంతం, ఆఖరికి కండువాలు అక్కడే పడేసి వెళ్లిపోయారు అన్నాడు. అంటే పక్కపక్కన కూచుంటారా అంది. పదేళ్లుగా అదే బల్ల, అవే కుర్చీలు అన్నాడు.

అంతలో జోగారావు కారు దిగాడు. పేరంటాలు ఎదురెళ్లింది. కాళ్ల మీద పడలేదు, అది గుర్తుంచుకోండి. సంచి మూతి కొంచెం తెరిచి చూపించి, నెమ్మదిగానే అడిగింది.

"అయ్యగారూ, లోపల ఆయన మీ పక్కనే కూచుంటారంట గదా. ఒక్క మాట అడగండి. సత్తెయ్యని రాజీకి పంపమని."

జోగారావు అటూ ఇటూ చూశాడు. కోప్పడలేదు పాపం, మర్యాదగానే చెప్పాడంట. లోపల రాజకీయాలెత్తకూడదమ్మా, అది మా నియమం, ప్రమాణం చేశాం అని.

"అయితే బయట అడగండి బాబూ."

"బయట మేం మాట్లాడుకోం గదమ్మా. మనవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

లోపలికెళ్లిపోయాడు. కాసేపటికి పురుషోత్తం కారు దిగాడు. ఈమె అదే మాట అడిగింది. ఆయనా అదే మాట చెప్పాడు, ముక్క పోకుండా. లోపల నియమం, బయట మనవాళ్లు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నేర్చుకున్నట్టు చెప్పారు. కాకపోతే ఈయన పోతూ పోతూ, ఆ కండువాలు ఇక్కడ ఇచ్చేసి వెళ్లు అన్నాడు. పేరంటాలు సంచి చేతికందించబోయి ఆగింది. ఏది తమరిదో చెప్పండి బాబూ, విప్పి ఇస్తాను అంది. పక్కన టీ కొట్టు, అక్కడ పదిమంది. అందులో గొడుగోళ్లూ ఉన్నారు, తాళపోళ్లూ ఉన్నారు. నాది అంటే దానికి ముడిపడింది ఎవరిదో చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని లోపలికెళ్లిపోయాడు. తలుపు మూసేశారు. దేవసహాయం కత్తి గోడకానించి, నేనేం చెయ్యను తల్లీ అన్నట్టు చూసి, ఉతికిన మూట తీసుకుని మాసిన మూట ఇచ్చాడు. ఏం చేస్తుంది, మూట భుజానికెత్తుకుని నడిచింది.

ఇంత తెలిశాక ఆమెకి కోపం రావాలి గదా, మీరైతే వస్తుందంటారు. రాలేదంట. అలుపొచ్చింది. ఊరిదాకా నడుస్తూ ఒకటే లెక్క వేసుకుందంట, ఈ పదేళ్లలో వాళ్లిద్దరూ ఎన్ని శనివారాలు కలిసి తిన్నారు, మా అక్కాచెల్లెళ్లం ఎన్నాళ్ల నుంచి కలిసి తినలేదు అని.

మర్నాడు పొద్దున ఎగువ రేవు దగ్గర ఆగలేదు, దిగువకి పోయింది. నూకాలు తలెత్తలేదు. పేరంటాలు ఆ కండువాలు తీసి ఆమె బండ మీద పెట్టింది. నూకాలు కూడా అలవాటుగా ముందు అంచే తిప్పింది. తన గుర్తు చూసింది. రెండో అంచు తిప్పింది. అక్క గుర్తు చూసింది.

"ముడేసిందెవరు?" అందంట.

"వాళ్లే. పక్కపక్కన కూచుని, అన్నం తింటా."

"విప్పలేదే?"

"ముందు విప్పినోడు ఓడినట్టంట."

నూకాలు ఆ ముడి మీద వేలు పెట్టి అటూ ఇటూ కదిపింది. "మా ఆయన చెయ్యి కూడా ఇలాగే ఉందక్కా. చాపడానికి రాదు." అంతవరకే అంది. ఆ చెయ్యి విరగ్గొట్టింది అక్క మొగుడే గదా. అక్క పక్కన కూచుంది, అంతే. ఓదార్పూ లేదు, క్షమాపణా లేదు. చెల్లెలే అడిగిందంట, వాయిదా ఎప్పుడు అని.

సత్తెయ్య ఒప్పుకోవడం అంత తేలికనుకున్నారా. అయ్యగారిని అడగాలి అన్నాడు. నూకాలు కండువాలు తెచ్చి అతని కంచం పక్కన పెట్టి, గుర్తులు చూపించి, వడ్డించింది. ఆ పూట తినలేదు. మర్నాడూ సరిగా తినలేదు. ఆ జెండా నేనెందుకు మోశాను అని గోడనడిగేవాడంట. గోడేం చెబుతుంది. మూడోనాడు, నా చెయ్యి విరిగితే రాజీకి ఆయన్నెందుకడగాలి, విరిగింది ఆయన చెయ్యా అన్నాడంట. గుమస్తా మొదటి ముక్కలో చెప్పింది అదే గదమ్మా. ఇన్నాళ్లూ అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

వాయిదా నాడు మేడలోంచి కబురు రాకుండానే కోర్టు బోనెక్కాడు. జడ్జీగారికి అనుమానం వచ్చింది. ఎవరన్నా భయపెట్టారా, ఆశపెట్టారా, నిజం చెప్పు అన్నాడు. సత్తెయ్య వంకర చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని చెప్పాడంట.

"ఎవరూ ఏం చెయ్యలేదండి. అలిసిపోయానండి."

బంగారయ్య బయటకొచ్చాడు. తోడల్లుళ్లిద్దరూ వాటేసుకున్నారని చెబితే మీకు బాగుంటుంది గానీ, అలాగేం జరగలేదు. బస్సులో ఎడంగానే కూచున్నారు. అయితే మర్నాటి నుంచి సత్తెయ్య వాటా బట్టలు కూడా బంగారయ్యే ఉతికాడు. ఎవరూ చెప్పలేదు. బతికున్నన్నాళ్లూ ఉతికాడు. అక్కాచెల్లెళ్లు మళ్లీ ఆ కొసా ఈ కొసా పట్టుకున్నారు.

ఆ కండువాలంటారా? ముడి విప్పకుండానే ఉతికి, ముడితోనే పిండి, రేవులో తీగె మీద ఆరేశారు. గుర్తులు రెండూ బయటికి కనపడేలా. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆ రెండు గుర్తుల్లో ఒకటుంటుంది, ఏది ఎవరిదో చదువురానివాడికి కూడా తెలుసు. వచ్చినవాళ్లు చూశారు, పోయినవాళ్లు చూశారు. తూరుపు మేడ నుంచి కండువా కోసం మనిషి రాలేదు. పడమటి మేడ నుంచీ రాలేదు. ఎలా వస్తారు, ఒకటి కావాలంటే రెండోది వెంట వస్తుంది. ఎండకి పట్టు పసుపెక్కింది, వానకి పీచు పీచయింది, గుర్తులు మాత్రం పోలేదు.

మరి ఊరు మారిందా అని ఈ పిల్ల అడుగుతోంది. లేదే తల్లీ. తర్వాత ఓట్లకి మళ్లీ గొడుగులొచ్చాయి, మళ్లీ తాళాలొచ్చాయి, మొయ్యడానికి మనుషులూ దొరికారు. కాకపోతే బంగారయ్యా సత్తెయ్యా మొయ్యలేదు. ఊరంతట్లో రెండు జెండా కర్రలు తగ్గాయి, అంతే. నాకు తెలిసి అదే ఎక్కువ. ఇంక చాలు, గింజలన్నీ ఒకవైపుకి ఊడ్చండి, నడుం పట్టేసింది నాకు.