ఖాళీ అన్న తుపాకీ

షూటింగ్ క్లబ్‌లో అందరూ వెళ్లిపోయారు. సేఫ్టీ పరీక్ష కాగితాలు సర్దుతున్న అన్నయ్య ఎదుట తమ్ముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అమ్మాయి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేదట?”

“పెట్టలేదురా.”

“రేపే పోటీ అన్నయ్యా! ఆ కాగితం లేకపోతే లోపలికే రానివ్వరు. దాని నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?”

“తుపాకీ ఖాళీ చేసి చూపించమన్నాను. ‘ఖాళీయే పెదనాన్నా’ అంది.”

“మరింకేం?”

“నోటితో అంటే చాలదురా. తూటా గది తెరిచి, వేలు పెట్టి తడిమి, అప్పుడు అనాలి.”

“కంగారులో మర్చిపోయుంటుంది. సొంత పెదనాన్నవి, చూసీ చూడనట్టు పోరాదూ?”

“పోయానురా. అదే చేశాను.”

తమ్ముడికి అర్థం కాలేదు. అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“లోపల చూడాల్సింది నేను. మన పిల్లే కదా అని తలూపేశాను. ఖాళీయేనని చూపించడానికి అది తుపాకీని ఇసుక బస్తా వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కింది. పేలింది.”

“అయ్యో! ఎవరికైనా...”

“బస్తాకే తగిలింది. అంతకు రెండు నిమిషాల ముందు ఆ బస్తాకి ఆనుకుని టీ తాగింది నువ్వే.”

తమ్ముడు జేబులోంచి ఫోను తీశాడు.

“పోనీ, దాన్ని ఇప్పుడే పిలుస్తాను. మళ్లీ పరీక్ష పెట్టు.”

“నేను పెట్టకూడదు. ఈ కాగితం చదువు.”

తమ్ముడు కాగితం అందుకున్నాడు. ‘పరీక్షలో తప్పినవారు’ అన్నచోట రెండు పేర్లున్నాయి. మొదటిది అన్నయ్యది.