చియాంగ్ మాయ్ వెళ్ళేవాళ్ళకి

కెనడాలోని ఎడ్మంటన్‌లో జనవరి మధ్యాహ్నం. అమరేశ్వరరావు ఇంట్లో వంటగది బల్ల చుట్టూ ముగ్గురు: ఆయన, ఆయన భార్య కనకదుర్గ, వాళ్ళను చూడ్డానికి వచ్చిన విశాలాక్షి. విశాలాక్షి చాలా ఏళ్ళు థాయ్‌లాండ్‌లో, చియాంగ్ మాయ్‌లో కాపురముండి, భర్త అక్కడే పోయాక, కూతురి దగ్గరికి ఈ ఊరు వచ్చేసింది.

"ఇల్లు మాత్రం కొనకండి అన్నయ్యగారూ. నేల మన పేరు మీద రాదక్కడ. ఎవరో ఒకమ్మాయి పేరు మీద కొని, ఆ అమ్మాయీ పోయి, ఇల్లూ పోయి, బార్లో కూర్చుని ముక్కు చీదుకునే తెల్లవాళ్ళని బోలెడుమందిని చూశాను."

"కొనే ఉద్దేశం లేదమ్మా."

"అద్దెకు దిగినా సరే, మీరు దిగినట్టు ఇంటివాళ్ళు ఇమిగ్రేషన్‌కి చెప్పాలి. చెప్పారా లేదా అని మీరే వెంటపడి అడగాలి. లేకపోతే తర్వాత వీసా దగ్గర నిలబెడతారు. కొత్తగా వెళ్ళినవాళ్ళందరూ పడే గొయ్యి అదే."

"ఇల్లు కాదుగా. ముసలివాళ్ళని చూసుకునే హోం. అవన్నీ వాళ్ళే చూసుకుంటామన్నారు."

"అన్నం తిన్నావా వదినా?"

"తిన్నాను దుర్గ వదినా. నువ్వు తిన్నావా?"

"నాకెవరు పెడతారు."

"ఇందాకేగా తిన్నావు దుర్గా. పప్పుచారు పోసుకుని."

"ఈ అబ్బాయి అబద్ధాలాడతాడు వదినా. పనికి మాత్రం మంచోడే."

"అబ్బాయంటే... మిమ్మల్నేనా?"

"నన్నే. ఎండాకాలం నుంచి పనివాణ్ణి. అంతకుముందు కొన్నాళ్ళు మా మామగారిని. అదే నయం, కాస్త భయముండేది. స్నానానికి రమ్మంటే వచ్చేది."

"నవ్వాలో వద్దో తెలీట్లేదు."

"నవ్వండి. నాకు అదీ రావట్లేదు, ఇదీ రావట్లేదు. వీసా సంగతి చెప్పండి."

"యాభై దాటితే రిటైర్మెంట్ వీసా ఇస్తారు, దానికి మీకు ఢోకా లేదు. ఏడాదికోసారి పొడిగించుకోవాలి. మధ్యలో మూణ్ణెల్లకోసారి ఫలానా చోటే ఉన్నామని చెప్పుకోవాలి. మరిచిపోతే ఫైను. ఇమిగ్రేషన్ ఆఫీసుకి నిక్కర్లు వేసుకుని వెళ్ళకూడదు. వాళ్ళేం అనరు, కానీ మీ ఫైలు అడుక్కి పోతుంది."

"నేనెప్పుడు నిక్కరు వేశానమ్మా."

"ఆ ఎండకి వేస్తారు. మా ఆయన జన్మలో వెయ్యనివాడు, రెండో వారానికే వేశాడు. ఇంకా... గొంతు పెంచకూడదు. ఇక్కడ ఫోన్ కంపెనీ వాళ్ళ మీద అరిచినట్టు అక్కడ అరిస్తే, నవ్వుతూనే ఉంటారు, పని మాత్రం జరగదు."

"నేను అరవడం మానేసి చాలా కాలమైంది."

"పొగ సంగతి ఎవరైనా చెప్పారా? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పొలాలు కాలుస్తారు, కొండలు తగలబడతాయి. మన దివిసీమలో కోతలయ్యాక గడ్డి తగలేసినట్టు, కాకపోతే ఊరంతా, నెలల తరబడి. ఆ రోజుల్లో వదిన గదిలో గాలి శుభ్రం చేసే మిషను పెట్టించాలి. కిటికీలు తీయనివ్వకూడదు."

"కిటికీ తీస్తుందేమో. ఇక్కడ తలుపే తీసేసింది."

"విన్నాను. మీ అమ్మాయి నిఖిల మా అమ్మాయికి మెసేజ్ పెట్టిందట."

"పోయిన నెల. నేను బాత్రూంలో ఉన్నా. నైటీ మీద, వట్టి కాళ్ళతో వెళ్ళిపోయింది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. బస్సు డ్రైవరు చూసి ఎక్కించుకుని, పోలీసులకు ఫోన్ చేశాడు. మన సర్దారే. వాళ్ళమ్మకీ ఇదే జబ్బట."

"కాళ్ళు?"

"వేళ్ళు దక్కాయి. తలుపుకి పైన గొళ్ళెం పెట్టించాను. ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి తడుతుంది. లోపల్నుంచి. తలుపు తియ్యమని బయటివాళ్ళని అడుగుతుంది."

"ఇక్కడ హోముల్లో చూడలేదా?"

"చూశాను. వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఇంగ్లీషు పూర్తిగా పోయిందమ్మా ఆవిడకి. ఇరవై ఏళ్ళు బ్యాంకులో ఇంగ్లీషులో పనిచేసిన మనిషి. హోంకేర్ అమ్మాయి వస్తే ప్రతిసారీ 'అన్నం తిన్నావా' అని అడుగుతుంది. ఆ పిల్ల ఓకే, ఓకే అని వీపు తడుతుంది. దుర్గకి కోపం. తిందో లేదో చెప్పకుండా ఓకే ఏమిటని."

"అదొక్కటీ అక్కడ బాగుంటుంది. వాళ్ళ పలకరింపే అది. బాగున్నావా అనరు, అన్నం తిన్నావా అంటారు. వదిన తెలుగులో అడిగినా, ముఖం చూసి కనిపెట్టేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో మనిషిని పెడతారు, పగలొకరు, రాత్రొకరు. పక్కనే చాప వేసుకుని పడుకుంటారు. అమ్మమ్మా అని పిలుస్తారు."

"బాగా చూస్తారా?"

"చెప్పానుగా."

"కాదు. మీరు స్వయంగా చూశారా?"

"మా ఆయన పోయాక పొద్దు పోక వారానికోసారి అలాంటి హోంకే వెళ్ళి కూర్చునేదాన్ని. స్విట్జర్లాండు వాళ్ళు, జర్మనీ వాళ్ళు. తోటలో నడిపిస్తారు, గోళ్ళు తీస్తారు, పాటలు పెడతారు. బాగానే చూస్తారు."

"మరి ఆ ముఖం ఎందుకలా పెట్టారు?"

"నా ముఖమే అంత. పద్ధతులు వినండి. పిలవాలంటే అరచెయ్యి కిందికి తిప్పి పిలవండి, పైకి తిప్పితే కుక్కని పిలిచినట్టు. కాళ్ళు చాపుకుని కూర్చుంటే అరికాళ్ళు ఎదుటి మనిషి వైపు ఉండకూడదు. తల ముట్టుకోకూడదు."

"తలా?"

"అక్కడ తలంటే గుడి. పెద్దవాళ్ళ తల మీద చెయ్యి వెయ్యరు."

"అదెలా కుదురుతుంది. పొద్దున్నే మాడుకి నూనె పెట్టి చేత్తో అద్దకపోతే ఈవిడ రోజంతా కుదురుగా ఉండదు. ఇప్పటికీ నేనే పెడుతున్నా. ఆముదం, గోరువెచ్చగా. ఆ హోం వాళ్ళకి రాసిచ్చాను కూడా. రోజూ తలకి నూనె, గట్టిగా అద్దాలి అని."

"అది చదివి ఆ పిల్లలు హడలిపోయి ఉంటారు."

"వాళ్ళు ఒకసారి మళ్ళీ రాసి అడిగారు, నిజంగానే అద్దాలా అని. నేను చాదస్తపు ప్రశ్న అనుకున్నా."

"పెడతారులెండి. చేతులు జోడించి, క్షమించమని అడిగి అప్పుడు పెడతారు. రోజూ అడుగుతారు. ముందుగా చెప్పుంచండి వదినకి, దండం పెడుతున్నారేమిటని కంగారుపడకుండా."

"చెబితే ఏం గుర్తుంటుంది."

"మీరు పక్కనుంటే మీరే పెడుదురుగాని."

"ఆఁ."

"ఇంకొకటి. ఇది మర్చిపోతే మొదటికే మోసం. వీసా చేతికొచ్చాక, ఏ పని మీదైనా దేశం దాటాలంటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. తీసుకోకుండా విమానం ఎక్కారో, ఆ వీసా అక్కడే చచ్చింది. మా ఆయన అలాగే తమ్ముడి కూతురి పెళ్ళికని గుంటూరు వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాడు. వీసా రాగానే ఇద్దరికీ తీసేసుకోండి."

"అది అక్కర్లేదు."

"అక్కర్లేదేంటి?"

"ఆవిడ ఎక్కడికీ రాదుగా."

"ఆవిడ రాదు. మీరొస్తారుగా, నిఖిలని చూడ్డానికైనా."

"నాకూ అక్కర్లేదు."

"ఎందుకని?"

"టీ చల్లారిపోతోందమ్మా."

"నేను టీకి రాలేదు. ఎందుకక్కర్లేదు?"

"నేను టూరిస్టు స్టాంపు మీదే వెళ్తున్నా."

"తర్వాత మార్చుకుంటారా?"

"లేదు."

"అన్నయ్యగారూ."

"నాకు స్టెంట్లున్నాయమ్మా. అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు తీసుకోరు."

"స్టెంట్లు లేని ముసలాళ్ళు అక్కడ ఎవరున్నారు. గుండె మినహాయించి మిగతాదానికి ఇస్తారు. గుండెకి మాత్రం చేతిలోంచి పెట్టుకుంటారు. ఇక్కడి పార్కింగుకి పెట్టినంత అక్కడ డాక్టరుకి పెట్టం."

"ఆర్నెల్లు దాటితే ఇక్కడ హెల్త్ కార్డు పోతుంది."

"ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ ఉండండి. వలస పక్షులే అలా ఉంటున్నాయి."

"ఈ ఇల్లు... చలికాలం ఎవరూ లేకపోతే పైపులు పగిలిపోతాయి."

"మా అల్లుడు వచ్చి చూసుకుంటాడు. ఇంకా?"

"ఇంకేం లేదు."

"నిఖిల ఏమంది?"

"బర్నబీ నుంచి వీడియోలో మాట్లాడింది. 'ఇట్స్ యువర్ కాల్, డాడ్' అంది. మంచి పిల్ల. ఏదంటే అది సరే అంటుంది."

"ఆ పిల్లకి తెలుసా, మీరు దింపేసి వస్తున్నారని?"

"మెల్లగా అనండి."

"ఆవిడకి అర్థం కాదన్నారుగా."

"అర్థం కాదు. నాకు వినపడుతోంది."

"సరే, మెల్లగానే అడుగుతున్నా. మీరెందుకుండరు?"

"ఉండలేనమ్మా. అంతే. స్టెంట్లూ కాదు, పైపులూ కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుంది, అలా ఉంది లోపలంతా. కొరుక్కున్నా తెలీదు. ఆ రోజు ఆవిడ పోలీసు కారులోంచి దిగుతుంటే, కాళ్ళు తెల్లగా ఐపోయి, వాళ్ళు నన్ను చూస్తున్నారు ఏడుస్తానేమోనని. నేనేమో, ఈ రోజు చెత్త తీసుకెళ్ళే రోజు కదా, డబ్బా బయట పెట్టలేదే అనుకుంటున్నా. అలాంటివాడు చూసుకుంటే ఎంత, ఇంకెవరో చూసుకుంటే ఎంత."

"ఇంకెవరికైనా చెప్పారా ఈ మాట?"

"థాయ్‌లాండ్ వెళ్తున్నానని మా స్నేహితుడు వీరభద్రంతో అంటే కన్ను కొట్టాడు. ఈ వయసులో ఏంటి బావా అని. సరే, అలాగే అనుకోనీ అని ఊరుకున్నా. అది చెప్పుకోవడమే తేలిక."

"ఇందాక ముఖం అలా పెట్టారేమన్నారు చూడండి. చెప్తాను. ఆ హోంలో మొగుళ్ళొచ్చి పెళ్ళాల్ని దింపుతారు, పెళ్ళాలొచ్చి మొగుళ్ళని. మొదటి ఏడు రెండుసార్లు వస్తారు, సూట్‌కేసు నిండా చాక్లెట్లతో. తర్వాత ఫోన్‌లో చూస్తారు. తర్వాత ఫోటో పంపిస్తే చాలంటారు. చెడ్డవాళ్ళు కారు. అక్కడ ఎంత బాగా చూస్తారంటే, ఇక రావలసిన అవసరం ఎవరికీ కనపడదు."

"బాగా చూస్తే చాలు కదా."

"చాలేమో. నాకు తెలీదు."

"మీరు వద్దంటే మానేస్తాను."

"ఆ బరువు నా నెత్తిన పెట్టకండి. నేను వీసా గురించి చెప్పడానికి వచ్చాను."

"మీరేగా అక్కడ బతికినవారు. అందుకే అడుగుతున్నా. పంపించనా, వద్దా?"

"ఎవర్ని వదినా? ఎవర్ని పంపిస్తారు?"

"ఏం లేదు దుర్గ వదినా."

"ఇంతసేపట్నుంచీ ఆవిడ, ఆవిడ అంటున్నాడు ఈ అబ్బాయి. ఎవరావిడ?"

"చెప్పండి అన్నయ్యగారూ. మిమ్మల్నే అడుగుతోంది."

"మనకి తెలిసినావిడ దుర్గా. ఒంట్లో బాలేదు."

"పాపం. ఏమొచ్చింది?"

"మరుపు."

"ఎంత దూరం పంపిస్తారు?"

"దూరమే. విమానం మీద. ఎండగా ఉంటుంది అక్కడ. బాగుంటుంది."

"పిల్లల్లేరా?"

"ఒక కూతురు. దానికి ఉద్యోగం."

"మొగుడో?"

"ఉన్నాడు."

"తాగుతాడా?"

"తాగడు."

"కొడతాడా?"

"లేదు దుర్గా. ఎప్పుడూ కొట్టలేదు."

"మరి వెళ్ళి ఉండడేం, చెప్పు అబ్బాయ్?"

"అలిసిపోయాడు."

"పోనీలే, ఏమనకండి ఆయన్ని. మగాళ్ళు తొందరగా అలిసిపోతారు. భాష కూడా రాని చోట ఆవిడ ఒక్కతే ఏం ఉంటుంది, నేను వెళ్ళి తోడుంటాను. నాకిక్కడ ఏం పనుంది గనక."