మెడ వెనక ముడి

నా అసలు పేరు సమన్ల మీద ఉంది. అందరూ ఎడమచేతి మాస్టారు అంటారు. వయసు నలభై నాలుగు. కళాశాలలో నక్షత్ర పటాలు గీయడం నేర్పుతాను. రాజధాని ఆకాశద్వారాన్ని కాపాడుతూ పోయిన యోధురాలికి భర్తను. విచారణాధికారి గారి ఎదుట, వారు అడిగినవాటికి జవాబుగా ఇది చెబుతున్నాను.

ముందు కవచం గురించి చెప్పమన్నారు. ద్వారం రాతి మీద కవచం తొడుక్కున్న మనిషి ఉన్నంతసేపే నగరం పైన వెలుగు తెర నిలుస్తుంది. ఆ మనిషి పడితే తెర పోతుంది. కవచానికి చివరి ముడి మెడ వెనక వస్తుంది. దాన్ని ఎవరికి వారు వేసుకోలేరు, ఇంట్లోవాళ్ళు వేస్తారు. వేసినవాళ్ళే విప్పాలన్నది ద్వారపాలకుల ఇళ్ళలో కట్టుబాటు.

పెళ్ళయిన దగ్గర నుంచి నా భార్యకు నేనే వేస్తున్నాను. నాది ఎడమచేతి వాటం కాబట్టి ముడి తిరగబడి పడుతుంది. తాడు కొస మెడకు గుచ్చుకోకుండా లోపలికి మడుస్తాను. అలా మడిచేది నేనొక్కడినే. "అల్లుడుగారు అద్దంలో చూసి కట్టినట్టున్నారు" అని మా అత్తగారు ఎగతాళి చేసేవారు. ఆ కవచం అంతకుముందు ఆవిడదే. ఎడమ మోకాలు పాడయ్యాక కూతురికి ఇచ్చారు.

యుద్ధం రోజు ఉదయం ఏడింటికి వంటింట్లో ముడి వేశాను. శత్రునౌకలు రెండో చందమామ దాటాయని సైరన్ మోగుతోంది.

"గిచ్చకు," అంది.

"కదలకు మరి."

"సాయంత్రం త్వరగా విప్పు. దురద పుడితే గోక్కోవడానికి కూడా ఉండదు."

సరే అన్నాను. ఇంకేమైనా చెప్పిందా అని తమరు రెండుసార్లు అడిగారు. దురద సంగతే చెప్పింది.

పదింటికి నౌకలు వచ్చాయి. మా వీధివాళ్ళం మేడల మీద నుంచి చూశాం. తెర మీద తెల్లమంటలు కురుస్తుంటే నా భార్య వెలుగు బల్లెంతో నౌకలను ఒక్కొక్కటిగా కూల్చింది. పదకొండున్నరకు మా అత్తగారు టిఫిన్ డబ్బా పట్టుకుని ద్వారం బురుజుకు బయలుదేరారు. నేను అడ్డం నిలబడ్డాను.

"అన్నం వేళకి యుద్ధం ఆపుతారా అత్తయ్యా?"

"ఆపరు. అందుకే నేను వెళ్ళి తినిపించి వస్తా. జరుగు."

డబ్బాలో రెండు చెంచాలు పెట్టారు. ఆవిడ బురుజు మెట్లు ఎక్కడం మేడ మీద నుంచి చూశాను. దిగడం చూడలేదు.

ఒంటిగంట దాటాక ఒక మంట తెరను చీల్చుకుని వచ్చి నా భార్య కుడి భుజానికి తగిలింది. ఆమె బురుజు గదిలోకి వెళ్ళింది. తెర పలచబడింది. కాసేపటికి కవచం మళ్ళీ రాతి మీదికి వచ్చింది. తెర నిలిచింది. మేడలన్నీ ఒక్కసారి కేకలు పెట్టాయి.

"లేచింది! మాస్టారూ, మీ ఆవిడ లేచింది!" పక్కింటి దర్జీ నన్ను పట్టుకుని ఊపాడు.

"కాదు. ఆ వచ్చింది మా అత్తగారు."

"ఏంటీ?"

"ఎడమ కాలు ఈడుస్తోంది చూడండి. అది మా అత్తగారి నడక."

"అంత దెబ్బ తగిలితే ఈడవదా మరి? ఎండ దెబ్బ కొట్టినట్టుంది మీకు. నీడలో కూర్చోండి."

దెబ్బ తగిలింది భుజానికి, కాలికి కాదు. ఆ మాటే అన్నాను. అతను నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నాలుగింటికి చివరి నౌక కూలుతూ బురుజు మీద పడింది. గది నేలమట్టమైంది. రాతి మీద ఉన్న మనిషిని తెల్లమంట కమ్మేసింది. జనమంతా నా భార్యను పిలుస్తూ ఏడ్చారు. నేను "అత్తయ్యా" అని అరిచాను. నాకు మతి చలించిందని దర్జీ చెప్పిన సాక్ష్యం తమరు చదివి వినిపించారు. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి అలాగే కనిపించి ఉంటుంది.

నగరం దక్కింది.

తెల్లమంటలో ఒళ్ళు మిగలదు. కవచం, దాని తాడు, లోపల బూడిద మిగులుతాయి. ఆ కవచం ఈ బల్ల మీద పెట్టి ముడి గుర్తుపట్టమన్నారు. తిరగబడి ఉంది. కొస లోపలికి మడిచి ఉంది. అది నా ముడే అన్నాను. అయితే కవచాన్ని ఉదయం నుంచి ఎవరూ విప్పలేదు, లోపల ఉన్నది మీ భార్యే, మీ అత్తగారు తిరిగి వస్తూ దారిలో ఎక్కడో పోయి ఉంటారు, ఇక బురుజు దగ్గర తవ్వకం రేపటితో ఆపించి ద్వారం కట్టిస్తాం అని తమరన్నారు. నడక చూసిన కళ్ళను నమ్మాలో ముడి చూసిన కళ్ళను నమ్మాలో తెలియలేదు. రెండూ నా కళ్ళే. ఒప్పుకుని సంతకం పెడదామనే అనుకున్నాను.

ముడి విప్పి బూడిద తీసుకోమన్నారు. విప్పబోతే వేలికి గరుకుగా తగిలింది. తోలుతాడు మీద పంటి గాట్లు. గుమాస్తా గారు కూడా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. ఉదయం అవి లేవు. నేను రెండు చేతులతో కడతాను, పళ్ళతో లాగే అవసరం నాకు లేదు.

కుడి చెయ్యి లేవని మనిషి ఎడమ చేత్తో, పళ్ళతో బిగించిన ముడి ఇది. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. అమ్మకు కూతురు కట్టింది.

ఒంటిచేత్తో కడితే ముడి తిరగబడొచ్చు అని తమరన్నారు. కావచ్చు. కొస ఎందుకు మడిచింది? బయట తెర పోతోంది. అంత తొందరలో మడిచింది, అమ్మ మెడకు గుచ్చుకోకుండా. ఆ ముడిని ఆమె ఎప్పుడూ చూడలేదు. అది ఎప్పుడూ ఆమె మెడ వెనకే ఉంది. ఎలా నేర్చుకుందో నాకు అర్థం కావడం లేదు.

ఆమె బురుజు గదిలో ఉంది. తవ్వకం ఆపవద్దని కోరుతున్నాను. ఆమె ఒంటిగంటకు పోయిందో, నాలుగింటికి పోయిందో నాకు తెలియదు. వాళ్ళు అన్నం తిన్నారో లేదో తెలియదు. డబ్బా కూడా అక్కడే ఉండాలి.

ముడి విప్పమని తమరు మళ్ళీ అన్నారు. వేసినవాళ్ళే విప్పాలి. ఇది నేను వేసింది కాదు. విప్పలేదు.

రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. చూసింది చూశానని, తెలియనిది తెలియదని చెప్పాను. ఇది నిజం.

(ఎడమచేతి సంతకం)

నా ఎదుట సంతకం చేశారు. బురుజు తవ్వకం కొనసాగించాలి. కవచం ముడి ఎవరూ విప్పరాదు.

(విచారణాధికారి సంతకం)