ఏదీ కాకపోతే

కుంభకోణంలో ఒక ఆసుపత్రి. సోమవారం మధ్యాహ్నం. ల్యాబు పెద్ద తేన్మొళి కూర్చుని ఉంది. రిపోర్టుల ప్రోగ్రాము రాసే ముగిలన్ ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు.

"దిద్దేశానన్నావు. ఎప్పుడు?"

"దిద్దేశానక్కా. ఇక తప్పు రాదు."

"ఎప్పుడని అడిగాను, తంబీ."

"శుక్రవారం."

"వార్డు నర్సు చెబితేగాని నాకు తెలీలేదు."

"మీకు చెబుదామనే..."

"కూర్చో. నాకు అర్థమయ్యేలా చెప్పు. ఆ స్టైల్‌షీటు చేసే పనేంటి?"

"యంత్రం ఇచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుని రిపోర్టుగా మారుస్తుంది. అందులో షరతులు రాస్తాం. షుగరు నూట నలభై దాటితే 'ఎక్కువ' అని వెయ్యి. డెబ్బైకి తగ్గితే 'తక్కువ' అని వెయ్యి. ఏదీ కాకపోతే..."

"ఏదీ కాకపోతే?"

"'నార్మల్' అని వెయ్యి."

"బానే ఉందిగా."

"అంకె వచ్చినంతసేపూ బానే ఉంటుంది. ఆరు వందలు దాటితే మన యంత్రం అంకె ఇవ్వదక్కా."

"హెచ్, ఐ. రెండక్షరాలు ఇస్తుంది. కొలతకి అందనంత ఎక్కువని."

"అది మనకి తెలుసు. స్టైల్‌షీటుకి తెలీదు. ఆ అక్షరాలు నూట నలభై కంటే పెద్దవా అంటే కాదంటుంది. డెబ్బై కంటే చిన్నవా అన్నా కాదంటుంది."

"అప్పుడు?"

"అక్కా, అది..."

"నీళ్ళు నమలకు."

"చివరి దాంట్లో పడుతుంది. నార్మల్."

"అందరికంటే ప్రాణం మీదికొచ్చినవాళ్ళకే నార్మలని రాసిచ్చామన్నమాట."

"వార్డు కాపీలో పక్కన హెచ్ ఐ అని కూడా ఉంటుంది, నర్సులు చూసుకుంటారు. ఇంటికిచ్చే కాగితంలో మాత్రం 'నార్మల్' అన్న మాటొక్కటే ఉంటుంది. అంకెలు చూసి జనం బెదిరిపోతున్నారు, తీసెయ్యమని మీరే..."

"అన్నాను. కాదనను. ఎంతమంది?"

"నలుగురు. ముగ్గురు వార్డులో ఉన్నారు. మందు పడుతోంది."

"నాలుగో మనిషి?"

"శౌరిరాజన్ అని. దారాసురంలో పట్టు నేస్తాడు. గురువారం వచ్చి, రక్తమిచ్చి, కాగితం పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు."

"ఈ పేరు నీకు శుక్రవారమే తెలుసా?"

"మేనేజరు సారు, దిద్దాక ఇక పాతవి తవ్వకన్నారు."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఫోన్ నంబరు ఉందా?"

"ఉంది."

"చెయ్యి. నేను కాదు, నువ్వే చెయ్యి. నాకూ వినపడేలా పెట్టు."

"ఏం చెప్పమంటారక్కా?"

"ముందు ఎలా ఉన్నాడో కనుక్కో."

"హలో... అమ్మా, ఆసుపత్రి ల్యాబు నుంచి. శౌరిరాజన్ గారున్నారా?"

"నేను ఆయన భార్యని బాబూ. పడుకున్నారు. నిన్నంతా దాహం దాహమని చెంబులకి చెంబులు నీళ్ళు తాగారు. సాయంత్రం పడుకున్నవారు ఇంకా లేవలేదు."

"లేపి చూశారా అమ్మా?"

"ఎందుకు లేపడం? మీ కాగితంలో అంతా నార్మలనే ఉందిగా. మగ్గం మీద అలిసిపోయుంటారని వదిలేశాను. పొద్దున చెయ్యి తగిలితే ఒళ్ళు చల్లగా అనిపించింది, దుప్పటి కప్పాను."