పెయింటర్ గారి ఓట్స్ బిళ్ళలు

టీకొట్టు అక్క కొత్తగా ఓవెన్ కొంది. ఖర్జూరం పెట్టిన ఓట్స్ బిళ్ళలు చేసిపెట్టే మనిషి కావాలంది. వానలు పట్టుకుని నెలరోజులుగా పని లేక కూర్చున్న పెయింటర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ పని ఎలాగైనా దక్కించుకోవాలని బల్ల మీద ముందుకు జరిగి అందుకున్నాడు.

"అదో పనా అక్కా! మొన్న ఆదివారం మా ఇంట్లో నేనే చేశా. ఓట్సులో వెన్న వేసి వేళ్ళతో నలిపి, సగం ట్రేలో అదిమి, దాని మీద ఉడికిన ఖర్జూరం గుజ్జు, ఆ పైన మిగతా సగం. గుజ్జు దేంతో పరిచాననుకున్నారు? గోడకి లప్పం పెట్టే రేకుతో! కొత్తదేలే. ఎక్కడా వెంట్రుకవాసి ఎత్తుపల్లం లేదు."

ఇక్కడిదాకా నమ్మేలాగే ఉందని పక్కన టీ తాగుతున్న మెకానిక్ తలాడించాడు. అదే కొంప ముంచింది. ఎదుటివాళ్ళు తలాడిస్తే పెయింటర్ నోటికి బ్రేకులుండవు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓవెన్ తలుపు తీశానో లేదో, వాసన వీధి చివరిదాకా పోయింది. వెళ్ళే బస్సు ఆగిపోయింది. డ్రైవర్ దిగాడు, వెనకాలే కండక్టరు, ఆ వెనక నలభై మంది జనం, మా మెట్ల మీద వరస!"

"ఒక్క ట్రేకేనా?" అన్నాడు మెకానిక్.

"వినవయ్యా! తలా రెండు పెట్టినా ట్రేలో ఇంకా మిగిలాయి. తీరా బయల్దేరబోతే బస్సు టైరు పంక్చరు. జాకీ లేదు. నాలుగు బిళ్ళలు పేర్చి బస్సుని లేపాం! టైరు మార్చాక ఆ నాలుగూ దులుపుకుని డ్రైవరే తినేశాడు. నోట్లో వెన్నలా కరిగిపోయాయట!"

మెకానిక్‌కి టీ పొలమారింది. అక్క మాత్రం నవ్వలేదు. గ్లాసులు కడుగుతూనే అడిగింది. "ఓవెన్‌లోంచి తీశాక ఎంతసేపటికి కోశావు తమ్ముడూ?"

"ఎంతసేపేంటక్కా? పొగలు కక్కుతుండగానే! స్కేలు పెట్టి గీసినట్టు టకటకా కోసేశా."

"వేడి మీద కోస్తే పొడిపొడిగా రాలిపోతాయి. రెండు గంటలు చల్లారాలి. ఆ రెండు గంటలూ నువ్విక్కడే కూర్చుని ఉంటావు కాబట్టి నీకు తెలీదు. చేసింది నీ పెళ్ళాం, మా మరదలు. రేపు పొద్దున తనని పంపు."

పెయింటర్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా పని ఇంట్లోకే వచ్చినందుకు లోలోపల ఊరట కూడా కలిగింది.

"మరి నేనో?" అన్నాడు మెల్లిగా.

"నువ్వు రోజూ వచ్చినట్టే రా. బిళ్ళలు చల్లారేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరుండాలిగా!"