ఎడమ మోకాలి చీటీ

అలా చూడకు లవాన్. తెలుసు, నాకు తెలుసు. దవడకి తీగలు కట్టారనీ, ఆరు వారాలు గొట్టంతోనే తాగాలనీ మీ చెల్లెలు బెర్నిస్ ఫోన్‌లో చెప్పనే చెప్పింది. అంతా విన్నాను, అయ్యో అన్నాను, కారెక్కాను, తిన్నగా వెళ్ళి ఏం కొన్నాను? బాదం చిక్కీ! పెద్ద డబ్బా! "గట్టిగా ఉంటుంది సార్, పళ్ళు జాగ్రత్త" అని కొట్టువాడు చెప్పాడు కూడా. అయినా కొన్నాను.

నవ్వకు, నవ్వకు! నొప్పెడుతుంది. బెర్నిస్ వంటింట్లోంచి తొంగి చూస్తోంది. నేనేదో నిన్ను ఏడిపిస్తున్నాననుకుంటుంది.

ఆ పలక ఒళ్ళో ఉందిగా, ఏమన్నా రాస్తే చదువుతాను. రాయకపోయినా సరే. డ్రైవింగ్ శిక్షణలో పక్కపక్క సీట్లలో కూర్చున్న రోజు నుంచీ నువ్వే మాట్లాడావు, నేనే విన్నాను. ఇవాళ ఒక్కరోజు నా వంతు. దేవుడు ఇంత దారుణంగా ఇచ్చాడేంటో నా వంతు.

ఇదా? కవరు. అబ్బే, పలకరింపు కార్డు కాదు. మా లాయరు పంపాడు. చెప్తాను, చెప్తాను, ఉండు. కాసిని మంచినీళ్ళు తాగనీ.

రేపు పొద్దున పదింటికి బోర్డు మీటింగు. షెరీఫ్ ఆఫీసు పోలీసులతో మన బస్సుల కాపలా ఒప్పందం ఇంకో ఐదేళ్ళు పొడిగించాలా వద్దా అని. దానికి ముందు నీ సంతకం కావాలట. చిన్న కాగితమే. "ఒప్పందం ప్రకారం డెప్యూటీలు పది నిమిషాల్లోపే వచ్చారు" అని. అంతే.

పలక విసరకు! విసిరితే మళ్ళీ దేనిమీద రాస్తావ్?

నిజమే, నువ్వు రక్తంతో ముప్ఫయ్యొక్క నిమిషాలు పడున్నావు. నాకు తెలీదా? ఆ ప్రయాణికుడు స్టాపు కానిచోట దింపమన్నాడు, నువ్వు కుదరదన్నావు, వాడు ఇనప ఫ్లాస్కుతో కొట్టాడు. రెండూ పదికి పోలీసుల్ని పిలిచే బటన్ నొక్కావు. రెండూ నలభై ఒకటికి వచ్చారు. బస్సులో ఉన్న ఆ బట్టల మూటావిడ తువ్వాలు పెట్టి నీ గడ్డం పట్టుకుని కూర్చుంది. ఇదంతా నేనే రిపోర్టులో రాశాను. రాసి, చివరి గడిలో ఏం పెట్టానో తెలుసా? పచ్చ టిక్కు. సమయానికి వచ్చారు అని! ఆరు నిమిషాలు!

ఎలాగంటావేం? అదే నా ఘనత. ఆ ఒప్పందం అరవై రెండు పేజీలు, నా చేత్తో రాశాను. గుర్తుందా, యూనియన్ మీటింగులో లేచి నన్ను వేలెత్తి చూపించావు. "పైనున్న మచాడో సారు ఒక్కరోజు నా సీట్లో కూర్చుంటే తెలుస్తుంది" అన్నావు. నడుం నొప్పని బస్సు దిగి ఆఫీసులో చేరిన రోజు నుంచీ నీకు నేను సారునేగా! ఆ మాటకి రోషం వచ్చింది. సరే, మన బస్సులకంటూ నలుగురు డెప్యూటీల్ని తెస్తాను చూడు అనుకున్నాను. తెచ్చాను కూడా.

షెరీఫ్ ఆఫీసు లెఫ్టినెంటు డోనట్లు పట్టుకొచ్చాడు బేరానికి. డోనట్టు చూస్తే నేనేమైపోతానో నీకు తెలుసు. అయినా సింహంలా అన్నాను, "పది నిమిషాలు. పదంటే పదే." ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అలాగే, మా కారు ఆ పిలుపు అందుకున్న దగ్గర్నించి పది" అన్నాడు. నేను నాలుగోది తింటున్నాను. ఇంకెక్కణ్ణించి మొదలవుతాయి నిమిషాలు అనుకున్నాను. సంతకం పెట్టేశాను. ఆ ఏడాది నాకు జ్ఞాపిక కూడా ఇచ్చారు, చెక్క పలక మీద పేరు చెక్కించి. అందులో నా పేరు తప్పు పడింది. అప్పుడే అర్థం కావలసింది నాకు.

ఏం రాస్తున్నావ్? చూపించు... "మిగతా పాతిక?"

ఊఁ.

నువ్వు అదే అడుగుతావని దారంతా అనుకుంటూనే వచ్చాను. జవాబు మాత్రం దొరకలేదు. చిక్కీ దొరికింది.

చూడూ... వాళ్ళ కారు అందుకున్న పిలుపు నీ బటన్ది కాదు. కెనాల్ వీధిలో టైర్ల కొట్టతను చేసిన ఫోను. బస్సు నెత్తి మీది బోర్డులో ఊరి పేరు పోయి "ప్రమాదం, పోలీసుల్ని పిలవండి" అని తిరుగుతోందని చూసి, అతను చేశాడు. రెండూ ముప్ఫై అయిదుకి. అక్కణ్ణించి ఆరు.

నీ బటన్ మోత మన కంట్రోల్ రూమ్‌కి సరిగ్గా రెండూ పదికే వచ్చింది. ట్రీనా ఉంది డ్యూటీలో. ఆ ఎర్రజుట్టు పిల్ల, నీకు తెలుసుగా, పోయిన క్రిస్మస్‌కి నువ్వు అల్లిన టోపీ ఇప్పటికీ పెట్టుకొస్తుంది. రేడియోలో పిలిచింది నిన్ను. జవాబు లేదు. ఊరుకుంది. నిన్న ఆ పిల్లని ఇంటికి పంపేశారు. ఉద్యోగం పోయినట్టే. "గోడ మీద చీటీ ఉంది, అందులో రాసినట్టే చేశాను" అని ఏడ్చింది. వెళ్ళి చూశారు. గోడ మీద ఏ చీటీ లేదు. అబద్ధం కూడా ఆడుతోందన్నారు.

కొంచెం కిటికీ తీయనా? ఉక్కగా లేదూ? లేదా. సరే.

లవాన్, నీ ఎడమ మోకాలు ఆపరేషన్ అయ్యాక పూర్తిగా మడత పడటం లేదుగా. ఆ బటనేమో సరిగ్గా అక్కడే, ఎవరికీ కనపడకుండా, స్టీరింగు కింద ఎడంపక్క. పెద్ద మలుపు తిప్పినప్పుడల్లా నీ మోకాలు తగిలేది. చర్చి ముందు పెళ్ళి ఊరేగింపు మధ్యలో మూడు కార్లేసుకుని డెప్యూటీలు దిగారే, బస్సులో నువ్వు తాపీగా పీచ్ పండు తింటున్నావే! పెళ్ళికొడుకు చేతులు పైకెత్తాడట! వారం రోజులు నవ్వుకున్నాం.

నేను నవ్వలేదు. నవ్వినట్టు నటించాను. ఎందుకంటే ఒప్పందంలో ఇంకో ముక్క ఉంది. ఉత్తుత్తి మోతలు నెలకి ఆరు దాటితే నలుగురిలో ఒక డెప్యూటీని వెనక్కి తీసుకుంటారు. ఆరంటే బోలెడు కదా అనుకున్నాను, అది ఐదో డోనట్టప్పుడు. ఆ నెల ఆరింటిలో ఐదు నీ మోకాలివే. లెఫ్టినెంటు ఫోన్ చేశాడు. నా ఒప్పందం, నా డెప్యూటీలు, నా జ్ఞాపిక! ఏం చేయాలి నేను?

షెడ్డులో మెకానిక్‌కి ఒక్క మాట చెప్తే చాలు. స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ బటన్ జానెడు పక్కకి జరిపేవాడు. అరగంట పని. తొమ్మిదేళ్ళు ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి, నాకు తట్టాలా వద్దా? తట్టలేదు. నాకేం తట్టిందో తెలుసా?

చీటీ.

ఇదుగో. పర్సులోనే ఉంది. పసుపుది, అంటుకునేది. నా అక్షరాలే, కోడి గీకినట్టు. "తొమ్మిదో నంబరు, లవాన్: మోకాలు. రెండోసారి నొక్కితేనే పంపండి." పక్కన నవ్వుతున్న మోకాలి బొమ్మ కూడా వేశాను చూడు. రెండు కళ్ళు, నోరు. ముచ్చటపడి వేశాను. కంట్రోల్ రూమ్ అంతా మెచ్చుకుంది.

నువ్వు రెండోసారి నొక్కలేదు. ఎలా నొక్కుతావు, కింద పడి ఉంటే?

ఆ సాయంత్రం, విచారణ వాళ్ళు రాకముందు, నేనే గోడ మీంచి పీకేశాను. ఎవరూ చూడలేదు. దొంగతనం చేయడం కూడా సరిగ్గా చేతకాలేదు నాకు. చించి పారేయాలిగా? మడిచి, పర్సులో మా అమ్మ ఫొటో వెనక పెట్టుకున్నాను. ట్రీనా ఏడుస్తుంటే కాగితం రుమాలు అందించాను. నేనే! పెట్టెలోంచి తీసి, మర్యాదగా!

కళ్ళు మూసుకున్నావేం? తెరవమని అడగనులే.

క్షమించమని కూడా అడగను. అడిగితే నువ్వు పలక మీద ఏదో ఒకటి రాయాలి. నీ రాత నాకు తెలుసు, ఆ మాట మన అరవై రెండు పేజీల కంటే ఘాటుగా ఉంటుంది.

లాయరు కాగితం మీద సంతకం పెట్టకు. ఈ మాట చెప్పమని ఎవరూ నన్ను పంపలేదు. సంతకం తెమ్మనే పంపారు. రేపు బోర్డు మీటింగులో జనం మాట్లాడే వరసలో నా పేరు రాయించి వచ్చాను, మొదటిది. మూడు నిమిషాలిస్తారు. పన్నెండేళ్ళుగా అవతలి పక్క కూర్చుని, జనం మాట సగంలో ఉండగానే టైమైందని గంట మోగించమన్నవాణ్ణి నేనే. ఆ గడియారం ఒక్కటే సరిగ్గా పెట్టాను లవాన్. మనిషి నోరు తెరవగానే మొదలవుతుంది.

పింఛనుకి ఇంకా పధ్నాలుగు నెలలుంది నాకు. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. జాలి పడతావేమోనని ఆశ. ఛీ.

ఇదుగో, చీటీ నువ్వుంచు. కాదు కాదు, ఉంచు. నా దగ్గరుంటే పొద్దున్నకల్లా నాకు పిరికితనం పుట్టుకొస్తుంది. చిక్కీ కొన్నవాణ్ణి, నన్ను నమ్మకు. పది గంటలకి నేను మైకు ముందు కనపడకపోతే, ఈ చీటీ బెర్నిస్ చేతికిచ్చి బోర్డుకి పంపు.

ఫోన్ చేసి కనుక్కోవద్దు, ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనొద్దు. నా విషయంలో మాత్రం, నువ్వు రెండోసారి దాకా ఆగకు.